ఏడో మడి చేదు పుస్తకం

నడిలంక తెప్ప, చేదు బల్ల. రాసేది తన్మయి.

211వ కోత

ఈ కోత అంకె అరవై రెండు.

ఈ పుస్తకం కొత్తగా తెరిచినవాళ్ళకి అరవై రెండంటే ఏమిటో తెలియదు కాబట్టి చెబుతాను. రేపు నేను లేకపోయినా పుస్తకం ఉండాలి కదా. పొద్దున్నే మడిలో కోసిన మెంతాకు ఓ గుప్పెడు తూచి, రోట్లో నూరి, గుడ్డలో పిండి రసం తీస్తాం. చుక్క రసానికి ఇరవై చుక్కల నీళ్ళు ఒక గిన్నెలో, ముప్పై చుక్కలు ఇంకో గిన్నెలో, అలా రెండొందల దాకా కలిపి వరసగా పెడతాం. బల్ల చుట్టూ అయిదుగురం కూర్చుని పలచటి గిన్నె నుంచి చిక్కటి దానివైపు వస్తాం. ఎక్కడ మొదటిసారి నాలుకకి చేదు తగిలితే అదే ఆ మనిషి అంకె. పెద్దవాళ్ళు ముందు పైకి చెబుతారు, చిన్నవాళ్ళు ఆఖర్న. ఒక్కరి అంకె మిగతా నలుగురికీ మరీ దూరంగా ఉంటే ఆ పూట ఆ నాలుక బాగాలేదని కొట్టేసి, మిగిలినవాటికి సగటు కడతాం. ఈ పద్ధతులన్నీ పెట్టింది నేనే. అప్పట్లో చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

అంతకుముందు యంత్రం ఉండేది. రసం సన్నటి గొట్టంలోకి పంపితే అందులో చేదు పుట్టించే సపోనిన్లన్నీ ఒక్కొక్కటీ విడిపోయి, కాగితం మీద కొండల్లా లేచేవి. కొండ ఎత్తు చూసి చేదెంతో చెప్పేసేదాన్ని. దాని దీపం మాడిపోయి పదకొండేళ్ళయింది. కొత్తది తెచ్చే ఓడ లేదు. యంత్రం ఆగిపోయిన వారం మా నాలుకలు చెప్పిన అంకె నూట ఇరవై. నాలుగేళ్ళ కిందటి వరకూ దాదాపు అక్కడే ఉంది. అప్పట్నుంచి మెట్లు దిగుతున్నట్టు దిగుతోంది.

యాభైకి తగ్గితే మెంతికూర మందు కింద లెక్క రాదు. సముద్రంలో తేలే ఈ తెప్ప మీద ఉన్నవి నలభై మళ్ళు, తినేవాళ్ళం రెండొందల పన్నెండు మందిమి. షుగరున్నవాళ్ళ కోసమని ఏడో మడి ఒక్కటి మెంతికి వదిలారు. మందు కాకపోతే అందులో తియ్య పాలకూర వేస్తారు, రెట్టింపు పండుతుంది. మళ్ళన్నిటికీ పెద్ద అయిన ప్రణీత్ ఈ మాట ఇవాళ నాకు మళ్ళీ గుర్తు చేశాడు. ముప్పై రెండేళ్ళవాడు, తెప్ప మీదే పుట్టాడు, న్యాయమైన మనిషి. అందుకే అతని మీద కోపం తెచ్చుకోవడం కష్టంగా ఉంది.

మడి తీసేస్తే మెంతి మరి ఉండదు. చుట్టుపక్కల ఏ తెప్ప మీదా లేదు. జాడీలో దాచిన గింజలు మూడేళ్ళు దాటితే మొలకెత్తవు.

లంక మునగక ముందు మాకు ఇంటి వెనకే మెంతి మడి ఉండేది. అమ్మ పప్పులో వేసి వండితే నేను నమలకుండా గుటకేసేదాన్ని. అమ్మ ఎదురుగా కూర్చుని, నమిలి మింగు, నమిలి మింగు అని ప్రాణం తీసేది. నమిలితే ఆ చేదు నాలుక దాటి చెవుల వెనక దాకా పాకేది. ఇప్పుడు మడి గట్టున నిలబడి ఆకు నమిలితే అంత లేదు. వయసు మళ్ళాక చిన్నప్పటివన్నీ ఎక్కువ రుచిగా తోస్తాయిలే అని సర్దిచెప్పుకుంటాను. ఇవాళ కూడా అదే చేశాను.

212వ కోత

యాభై ఎనిమిది.

బల్ల మీద అయిదో చోటు ఖాళీగా ఉంటే, కొండ ఊళ్ళ నుంచి విత్తనాల మార్పిడి కోసం వచ్చిన ఇందుజని కూర్చోబెట్టాం. వచ్చి నాలుగు రోజులే అయింది. పాతికేళ్ళుంటాయేమో, కుదురుగా కూర్చుంది. ముందు రోహన్ బాబాయ్ అరవై అన్నాడు. ఆయనకి డెబ్బై ఎనిమిది, ఉమ్మడి వంటిల్లు ఆయనదే, తెప్ప మీద అందరికంటే ముదురు నాలుక. తర్వాత నేను అరవై అన్నాను. వంటింట్లో పనిచేసే అక్కచెల్లెళ్ళు జాహ్నవి, జీవన చెరో మాటా అటూ ఇటూగా అదే అన్నారు. ఇందుజ మాత్రం నూట నలభై గిన్నె దగ్గరే ఆగిపోయి, మొహం చిట్లించి, "ఇక్కడే తెలిసిపోతంది పెద్దమ్మా," అంది.

రోహన్ బాబాయ్ ముసిముసిగా నవ్వాడు. కొండల్లో అడవి తేనె తాగి పెరిగిన పిల్లకి మంచినీళ్ళు కూడా చేదుగానే ఉంటాయన్నాడు. ఆ పిల్ల చెంపలు ఎర్రబడ్డాయి. నియమం ప్రకారం నూట నలభైని కొట్టేశాను. కొత్త నాలుక కుదురుకోవడానికి రెండు మూడు కోతలు పడుతుందని ధైర్యం కూడా చెప్పాను. ఎంత మంచిదాన్నో చూడండి.

ఆకు కూడా చిన్నదవుతోంది. పొట్టిగా, మందంగా, నీలం కలిసిన పచ్చగా వస్తోంది. విత్తనం బలం తగ్గిపోయిందని రాసుకున్నాను.

213వ కోత

యాభై అయిదు. ఇందుజ వంద అంది, కొట్టేశాను.

ఇవాళ వంటింట్లో సరుకు చూసే వంతు నాది. నెలకి సరిపోయే ఉప్పు జాడీ ఇప్పుడు రెండు నెలలు దాటినా అడుగంటలేదు. రోహన్ బాబాయ్ తన చెయ్యి పొదుపు నేర్చిందని పొంగిపోయాడు. నా కాళ్ళు సాయంత్రానికి వాచి చెప్పుల్లో పట్టడం లేదు. జాహ్నవివీ అంతే. వయసు అనుకున్నాం. జాహ్నవికి నలభై ఒకటి.

214వ కోత

యాభై రెండు. ఇందుజ యాభై అంది. కొట్టెయ్యాల్సిన పని పడలేదు. నాలుక కుదిరిందని వీపు తట్టాను. ఆ పిల్ల తల వంచుకుంది, సిగ్గనుకున్నాను.

ప్రణీత్ బల్ల దగ్గర నిలబడి అంతా విన్నాడు. వచ్చే కోతలో యాభై లోపు వస్తే మడి తీసేస్తానని చెప్పాడు. బెదిరింపులా కాదు, చెప్పలేక చెప్పాడు. పాలకూర నారు అప్పుడే పోశారు. నేను మడి దాకా వెళ్ళి గట్టు పలక మీద కూర్చున్నాను. తెప్ప కింద అలలు పలకల్ని తడుతున్నాయి. ఏడ్చాను, దాచడమెందుకు. ఒక ఆకు కోసం అరవయ్యొక్కేళ్ళ మనిషి ఏడవడం ఎవరికైనా నవ్వులాటే. కానీ మా అమ్మ వండినవాటిలో నేను ఇంకా నోట్లో పెట్టుకోగలిగేది ఇదొక్కటే. చింతచెట్లు పోయాయి, గేదెలు పోయాయి, బురద చేపలు పోయాయి. ఇది ఒక్కటి గింజల రూపంలో అమ్మ కొంగుముడిలో పడవెక్కింది.

214వ కోత తర్వాత పన్నెండో రోజు

మామూలుగా కోత రోజు తప్ప ఈ పుస్తకంలో రాయను. ఇవాళ రాయాలి.

మధ్యాహ్నం మెంతి గింజల జాడీ పట్టుకుని ఇందుజ గదికి వెళ్ళాను. తిరిగి వెళ్ళేటప్పుడు వీటిని తీసుకుపో, కొండ మీద ఎక్కడన్నా చల్లు, చేదు తప్పిపోయినా జాతి బతుకుతుంది అని చెప్పాను. ఆ పిల్ల జాడీ అందుకోలేదు. చేదు తప్పలేదు పెద్దమ్మా అంది.

మరి యాభై ఎందుకు చెప్పావని అడిగాను.

"మీరందరూ పెద్దోళ్ళు. మీరు అరవై అంటంటే నానొక్కదాన్నే నూట నలభై అంటే ఏటి బాగుంటాది? బాబాయ్ గారు నవ్వినారు. రెండుసార్లు కొట్టేసినారు. మూడోసారి మీ అంకె విని, దానికి దగ్గరగా చెప్పేసినాను."

నా ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద అరవబోయి ఆగాను. పెద్దవాళ్ళు ముందు చెప్పాలని పెట్టింది నేను. వేరుగా చెప్పినదాన్ని కొట్టెయ్యమన్నదీ నేను. ఇంకెవరి మీద అరవను?

పద, మడి దగ్గరికి పోయి ఇప్పుడే నమిలి చెప్పు, ఎవరూ వినరు అన్నాను. వచ్చింది. నాలుగాకులు తెంపి నమిలింది. ఆమె మొహంలో రంగు మారడం చూశాను. "ఇప్పుడు నాకూ అంత తెలియట్లేదు," అంది. వచ్చినప్పుడు తెలిసిందీ, ఇప్పుడు తెలియడం లేదూ. ఆకు అదే మడిది. మధ్యలో మారిందల్లా రెండు నెలలకు పైగా ఈ పిల్ల మా తెప్ప మీద తిని తాగడమే.

ఏం తాగేదానివి అక్కడ అని అడిగాను. ఊట నీళ్ళంది. ఇక్కడికి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ మూడు సీసాలు పోసి ఇచ్చిందట, ఊరు గుర్తొచ్చినప్పుడు గుక్కెడు తాగమని. రెండు అయిపోయాయి. మూడోది సగం ఉంది.

గదికి తిరిగొచ్చాం. తను సీసా తీసి నా చేతిలో పెట్టింది. వద్దనాలని తోచింది కానీ అనలేదు. ఒక గుక్క నోట్లో పోసుకున్నాను. ఏ రుచీ లేదు. అసలేమీ లేకపోవడం అనేది ఎలా ఉంటుందో నేను మరిచిపోయాను. ఆ తర్వాత మా కడవలో నీళ్ళు ఒక గుక్క తాగాను. ఉప్పగా ఉన్నాయి. కాస్త కాదు, పలచటి చారులో వేసేంత ఉప్పు.

ఉప్పు చేదుని తొక్కేస్తుందని నాకు తెలుసు. కాకరకాయ ముక్కలకి ఉప్పు రాసి పెట్టేది మా అమ్మే కదా. తెలిసీ నాలుగేళ్ళు ఉప్పునీళ్ళలో రసం కలిపాను, ఉప్పునీళ్ళతో నోరు పుక్కిలించాను, తక్కువొచ్చిన అంకెని విత్తనం మీదకి నెట్టాను.

ఇందుజ నీళ్ళతో మూడుసార్లు పుక్కిలించి ఒక్క ఆకు నమిలాను. నెమ్మదిగా, అమ్మ చెప్పినట్టు. చేదు నాలుక దాటి గొంతులోకి దిగి, చెవుల వెనక్కి పాకింది. చిన్నప్పుడు ఎక్కడ తగిలేదో సరిగ్గా అక్కడ తగిలింది. ఇన్నేళ్ళూ నా జ్ఞాపకం అబద్ధమాడుతోందని దాన్ని మందలిస్తూ వచ్చాను. పాపం, అది ఒక్కటే సరిగ్గా చెబుతోంది.

215వ కోత

బల్ల దగ్గరికి ప్రణీత్‌ని పక్కన కూర్చుని చూడమని పిలిచాను. ముందు మామూలుగా, తెప్ప నీళ్ళతో కలిపి చూశాం. నలభై ఎనిమిది. ప్రణీత్ లేవబోయాడు. ఇంకొక్కసారి, వేరే నీళ్ళతో చూద్దామని ఆపాను.

ఇందుజ సీసా తెచ్చి బల్ల మీద పెట్టింది. పుక్కిలించడానికీ, చుక్కలు కలపడానికీ ఉన్నదంతా పడుతుందని ముందే చెప్పాను. "పోసెయ్యండి పెద్దమ్మా," అంది. గిన్నెల్లో పోస్తుంటే మాత్రం అటువైపు చూడలేదు.

ఈసారి ఎవరూ పైకి చెప్పకూడదన్నాను. ఎవరి అంకె వాళ్ళు పలక మీద రాసి బోర్లా పెట్టాలి. రోహన్ బాబాయ్‌కి ఇది నచ్చలేదు, పరీక్ష రాసే ఈడా నాది అని గొణిగాడు. పలకలు తిప్పాం. నూట అరవై, నూట డెబ్బై, నూట అరవై, నూట ఎనభై, నూట డెబ్బై. మా యంత్రం ఉన్న రోజుల్లో కూడా ఈ మడి ఇంత ఎత్తుకి ఎప్పుడూ పోలేదు. ఉప్పునీళ్ళు తాగి మొక్క తన్నుకులాడి, ఉన్న చేదంతా ఆకులోకి తెచ్చుకుంది. మొక్క అరుస్తుంటే మేం గొంతు తగ్గిందని రాసుకున్నాం.

ప్రణీత్‌కి రెండు గ్లాసులిచ్చాను, ఒకదాంట్లో అడుగున మిగిలిన ఊట నీళ్ళు, ఒకదాంట్లో మావి. తాగి చూసి, గ్లాసులు కింద పెట్టి, సముద్రపు నీళ్ళని మంచినీళ్ళుగా మార్చే వడపోత గదివైపు నడిచాడు. మేం వెనకే వెళ్ళాం. వడపోత మీద పచ్చదీపం వెలుగుతోంది. అది వెలుగుతుంటే నీళ్ళు బాగున్నట్టని మేం ఏళ్ళ తరబడి పిల్లలకి చెబుతున్నాం. మూత విప్పితే తెలిసింది, ఆ దీపానికున్న తీగ మోటారుకి మాత్రమే వెళుతోంది. మోటారు తిరుగుతోందని తప్ప అది ఇంకేమీ చెప్పదు. లోపల పొర చిట్లి వేలు పట్టేంత సందుంది. సముద్రం రోజూ కొంచెం కొంచెంగా మా కడవల్లోకి వస్తూ ఉంది.

రోహన్ బాబాయ్ అక్కడే గుమ్మంలో కూర్చుండిపోయాడు. వంటలో ఉప్పు తగ్గించినందుకు తనని తాను మెచ్చుకున్నాడు కదా, ఆ మాట మేమెవరం ఎత్తలేదు.

215వ కోత తర్వాత ఇరవై ఆరో రోజు

ఈ నెలంతా పక్క తెప్ప నుంచి పడవల్లో నీళ్ళొచ్చాయి. తాగడానికే సరిపోయాయి. మళ్ళన్నీ ఎండిపోయాయి, నా మడితో సహా. పాలకూర నారు కూడా పోయింది. ఇవాళ ఆ తెప్పవాళ్ళే ఇచ్చిన కొత్త పొర బిగించారు. జనం గిన్నెలు పట్టుకుని వరస కట్టి, తాగి, ఏమీ లేదే అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మడిలో ఉప్పు పోయేదాకా నీళ్ళు పెట్టి, వార్చి, మళ్ళీ పెట్టాలి. జాడీలో గింజలు మొత్తం విత్తడానికి తీశాను. కొన్ని మిగుల్చుకోవాలనిపించింది కానీ, అవి అప్పటికే పాతబడ్డాయి, మిగిల్చినా ప్రయోజనం లేదు.

నా కాళ్ళ వాపు తగ్గింది. జాహ్నవివి కూడా.

పుస్తకం వెనక్కి తిప్పి ఇందుజ అంకెలు కొట్టేసినచోట పైన మళ్ళీ రాశాను. 212వ కోత, నూట నలభై. 213వ కోత, వంద. తనని పిలిచి చూపించి క్షమించమని అడిగాను. అంతమాట ఎందుకండీ అంది. సీసా గురించి అడిగితే, అమ్మకి ఉత్తరం రాశానని, మళ్ళీ పంపుతాదిలే అని నవ్వింది. కొండ ఊళ్ళ పడవ మళ్ళీ వచ్చేది ఎనిమిది నెలల తర్వాత.

216వ కోత

గింజల్లో సగమే మొలిచాయి. అయినా చాలు. ఆకు మళ్ళీ పెద్దగా, పల్చగా, లేతగా వచ్చింది. పలకల మీద అంకెలు నూట పది, నూట ముప్పై, నూట ఇరవై, నూట ముప్పై, నూట యాభై. నూట యాభై ఇందుజది. అన్నీ పుస్తకంలో ఎక్కించాను, దేన్నీ కొట్టెయ్యలేదు. మడి గురించిన నిర్ణయం ప్రణీత్ నిన్ననే రాసిచ్చాడు. ఏడో మడి మెంతికే.

ఈ ఒక్కసారికి మందు వాటా పక్కన పెట్టి, రోహన్ బాబాయ్ తెప్ప మొత్తానికి మెంతికూర పప్పు వండాడు. ఉప్పు ఎంత వెయ్యాలో తెలియక మూడుసార్లు చూశాడు. మనిషికి ఒక్క గరిటె వచ్చింది. పిల్లలు నోట్లో పెట్టుకోగానే ఊసేశారు. పెద్దవాళ్ళలో సగం మంది మొహం ముడుచుకుని మంచినీళ్ళు తాగారు. ఇంత గొడవా ఈ చేదు కోసమా అని బల్లల దగ్గర గొణుగుడు. నాకు నవ్వాగలేదు, ఎన్నాళ్ళకో కడుపారా నవ్వాను.

ప్రణీత్ నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపేశాడు. ఊసేస్తాడేమో అనుకున్నాను.

"నాన్న మెంతికూర అడిగేవాడు అత్తా, పోయిన ఏడు, మంచాన పడ్డాక," అన్నాడు. వాళ్ళ నాన్న సుహాస్ అన్నయ్య మా పక్క లంకవాడు. "మూడుసార్లు వండించి పెట్టాను. మూడుసార్లూ ఇది కాదురా అని కంచం తోసేశాడు. మూడోసారి కసిరాను. కూర బాగానే ఉంది, నీ నోరే చచ్చిపోయింది నాన్నా అన్నాను. మర్నాటి నించి పోయేదాకా ఏదీ అడగలేదు."

ఆ రోజుల్లో అన్నయ్య ఒకసారి నాకు కబురు పెట్టాడు, మెంతికి చేదు తగ్గిందా చూసి చెప్పమ్మా అని. నేను పుస్తకం చూసి, డెబ్బై ఉంది, మందుకి సరిపడా చేదుంది అని జవాబు పంపాను. ఆ మాట ఇప్పుడు ప్రణీత్‌కి చెప్పాను. చెప్పకపోతే ఈ పుస్తకంలో ఇంక ఏ అంకె రాసే హక్కూ నాకు ఉండదు.

అతను కంచం దగ్గరికి లాక్కున్నాడు. కోప్పడితే బాగుండుననిపించింది.

"నాన్న నోరు బాగానే ఉంది అత్తా," అన్నాడు.

మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. ఆ రుచి అతనికి నచ్చలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. నెమ్మదిగా నములుతూ, ఒక్క ఆకు కూడా వదలకుండా తిన్నాడు.